ఒక కన్ను చిన్నదిగా కనిపిస్తే: హార్నర్ సిండ్రోమ్ గురించి తెలుసుకుందాం



వైద్య సహాయం కోసం ఎవరైనా వచ్చినప్పుడు మనం ముందుగా కాగితాలు చూస్తాం. డాక్టరు చీటీ, ఆసుపత్రి ఇచ్చిన అంచనా, మందుల బిల్లులు చూసి ఎంత సహాయం చేయాలో నిర్ణయిస్తాం. ఈ వ్యాసం కాగితాల గురించి కాదు, వాటిని పట్టుకుని వచ్చిన మనిషి ముఖం గురించి. ముఖం మీద కనిపించే ఒక చిన్న మార్పు ఒక్కోసారి మెదడులోనో, మెడలోనో, ఛాతీలోనో ఉన్న పెద్ద జబ్బును ముందుగానే చెబుతుంది. ఆ మార్పు పేరు హార్నర్ సిండ్రోమ్.

అర్థం కావడానికి ఒక మనిషిని ఊహించుకుందాం. వయసు 55. మార్కెట్ యార్డులో బస్తాలు మోసే పని. ముప్పై ఏళ్లుగా బీడీ అలవాటు. ఐదారు నెలలుగా కుడి భుజం నొప్పి. ఆ నొప్పి చేతి లోపలి వైపు నుంచి చిటికెన వేలి దాకా దిగుతుంది. బరువులు మోసే మనిషి కదా, పట్టేసి ఉంటుందని అందరూ అనుకున్నారు. నూనె మర్దన చేయించాడు, నొప్పి మాత్రలు మింగాడు. ఈలోగా కుడి కన్ను కొంచెం మూసుకున్నట్టు కనిపించసాగింది. ఇంట్లో వాళ్లు అడిగితే నిద్ర చాలలేదన్నాడు. ఒక ఉచిత కంటి శిబిరానికి వెళ్తే చూపు పరీక్షించి, దగ్గరి చూపు అద్దాలు ఇచ్చి పంపారు. చూపులో లోపం లేదు కాబట్టి అతనూ ఊరుకున్నాడు.

ఇక్కడ భుజం నొప్పికి ఒక మందు, కంటికి ఒక పరిష్కారం దొరికాయి. కానీ ఆ రెండింటికీ మూలం ఒకటేనని ఎవరికీ తోచలేదు. ఊపిరితిత్తి పైకొనలో పెరుగుతున్న గడ్డ చేతికి వెళ్లే నరాలను, కంటికి వెళ్లే నరాన్ని ఒకేసారి నొక్కుతోంది. దాన్ని తెలుసుకోగలిగిన నెలలు చేజారిపోయాయి. అలా చేజారకుండా ఉండాలంటే మనకు కొంత అవగాహన కావాలి.

మూడు గుర్తులు

హార్నర్ సిండ్రోమ్‌లో ముఖానికి ఒక వైపున మూడు మార్పులు కనిపిస్తాయి.

మొదటిది, పై రెప్ప కొద్దిగా వాలడం. ఇది సాధారణంగా 1 నుంచి 2 మిల్లీమీటర్లు మాత్రమే ఉంటుంది. కన్ను పూర్తిగా మూసుకుపోదు. కింది రెప్ప కూడా కొంచెం పైకి జరుగుతుంది. అందువల్ల కన్ను లోపలికి పోయినట్టు, చిన్నదైనట్టు కనిపిస్తుంది.

రెండవది, అదే వైపు కంటిపాప చిన్నదవడం. కంటిపాప అంటే నల్లగుడ్డు మధ్యలో వెలుతురు లోపలికి వెళ్లే గుండ్రటి రంధ్రం. చీకటిలో అది పెద్దది కావాలి. ఈ జబ్బులో ఆ వైపు కంటిపాప ఆలస్యంగా, తక్కువగా తెరుచుకుంటుంది. అందుకే మసక వెలుతురులో రెండు కళ్ల తేడా బాగా తెలుస్తుంది, ఎండలో చూస్తే దాదాపు తెలియదు. మనవాళ్ల కళ్లు ముదురు గోధుమ రంగులో ఉంటాయి కాబట్టి ఈ తేడాను పట్టుకోవడం ఇంకా కష్టం.

మూడవది, ముఖంలో ఆ సగం చెమట పట్టకపోవడం. ఎండలో పని చేసి వచ్చినప్పుడు ఒక చెంప తడిగా, మరో చెంప పొడిగా ఉంటుంది. అయితే ఇది అందరిలోనూ కనిపించదు.

నొప్పి లేకపోవచ్చు. చూపు తగ్గదు. అందుకే ఎక్కువమంది దీన్ని పట్టించుకోరు. చాలాసార్లు రోగికంటే ముందు ఇంట్లోవాళ్లో, ఫొటో తీసినవాళ్లో గమనిస్తారు.

కంటికి చేరే నరం దారి

మన ఇష్టంతో పని లేకుండా గుండె వేగం, చెమట, కంటిపాప వంటి వాటిని నడిపే నరాలు శరీరంలో ఉన్నాయి. వాటిలో ఒక భాగాన్ని సింపథెటిక్ నాడీవ్యవస్థ అంటారు. పాఠ్యపుస్తకాల్లో దీన్నే సహానుభూత నాడీవ్యవస్థ అని చదువుకున్నాం. కంటిపాపను పెద్దది చేసేది, పై రెప్పను ఆ చివరి రెండు మిల్లీమీటర్లు ఎత్తి పట్టేది, ముఖానికి చెమట పట్టించేది ఈ నరాలే.

మెదడు నుంచి కంటికి దూరం నాలుగు వేళ్లే అయినా ఈ నరం తిన్నగా రాదు. మూడు మజిలీలుగా చుట్టూ తిరిగి వస్తుంది.

మొదటి మజిలీ మెదడు అడుగున ఉన్న హైపోథాలమస్ దగ్గర మొదలవుతుంది. అక్కడి నుంచి మెదడు కాండం మీదుగా వెన్నుపాములోకి దిగి, మెడ అడుగు భాగం, ఛాతీ పై భాగం కలిసే చోట ఆగుతుంది.

రెండవ మజిలీ అక్కడ వెన్నుపాము నుంచి బయటికి వచ్చి, ఊపిరితిత్తి పైకొన మీదుగా సాగి, మెడలో పైకి ఎక్కి, దవడ మూల దగ్గర ఉన్న నరాల ముడిని చేరుతుంది.

మూడవ మజిలీ ఆ ముడి నుంచి బయలుదేరి, మెదడుకు రక్తం తీసుకెళ్లే కెరోటిడ్ ధమని గోడను అల్లుకుని పుర్రెలోకి వెళ్లి, చివరికి కంటిని చేరుతుంది. ముఖానికి చెమట పట్టించే పోగుల్లో ఎక్కువ భాగం ఈ ముడి దగ్గరే విడిపోయి వేరే ధమని వెంట వెళ్తాయి.

ఈ దారిలో ఎక్కడ దెబ్బ తగిలినా ఫలితం కంటి దగ్గరే కనిపిస్తుంది. ఊళ్లో కరెంటు పోతే తప్పు మన ఇంటి బల్బుదే కానక్కరలేదు, ఎక్కడో స్తంభం దగ్గర తీగ తెగి ఉండవచ్చు. వాలిన రెప్ప కూడా అలాంటిదే. కాబట్టి హార్నర్ సిండ్రోమ్ తనంతట తాను ఒక జబ్బు కాదు. మరో చోట ఉన్న జబ్బుకు గుర్తు.

ఏ మజిలీలో ఏ జబ్బు

మొదటి మజిలీలో దెబ్బకు ముఖ్య కారణం మెదడు కాండం పక్క భాగంలో వచ్చే పక్షవాతం. అందులో కాళ్లు చేతులు పడిపోకపోవచ్చు. బదులుగా హఠాత్తుగా తల తిరగడం, వాంతులు, ఎక్కిళ్లు, మింగలేకపోవడం, గొంతు మారడం, ముఖంలో ఒక వైపు, శరీరంలో మరో వైపు స్పర్శ తగ్గడం ఉంటాయి. వాటితో పాటు ఒక రెప్ప వాలుతుంది. ఇది గ్యాస్ అని, పైత్యమని ఇంట్లో కూర్చోబెట్టే జబ్బు కాదు. వెంటనే పెద్దాసుపత్రికి తీసుకెళ్లాలి. వెన్నుపాములో గడ్డలు, గాయాలు కూడా ఈ మజిలీని దెబ్బతీయగలవు.

రెండవ మజిలీలో అందరూ గుర్తుంచుకోవలసింది పైన చెప్పిన ఊపిరితిత్తి పైకొన క్యాన్సర్. దీనికి ప్యాంకోస్ట్ ట్యూమర్ అని పేరు. పొగ తాగేవారిలో ఎక్కువ. మొదట్లో దగ్గు, రక్తం పడటం వంటివి లేకుండా భుజం నొప్పితోనే మొదలవుతుంది. పైకొన మెడ ఎముక, మొదటి పక్కటెముక వెనుక దాగి ఉంటుంది కాబట్టి మామూలు ఎక్స్‌రేలో తొలిదశ గడ్డ కనిపించకపోవచ్చు. ఛాతీ సి.టి. స్కాన్ అవసరం.

మన రోడ్ల మీద జరిగే మోటారు సైకిల్ ప్రమాదాలు కూడా ఇక్కడికే వస్తాయి. బండి మీద నుంచి పడినప్పుడు తల ఒక వైపుకు, భుజం మరో వైపుకు బలంగా లాగబడితే చేతి నరాలు వెన్నుపాము దగ్గర వేళ్లతో సహా ఊడిపోవచ్చు. చెయ్యి కదలని యువకుడికి అదే వైపు రెప్ప కూడా వాలితే, నరం వేరు దగ్గరే తెగి ఉండవచ్చని వైద్యులు అనుమానిస్తారు. అలాంటి నరం దానంతట అతుక్కోదు. నరాల శస్త్రచికిత్స ఫలితం ఇవ్వాలంటే ప్రమాదం జరిగిన కొద్ది నెలల్లోనే నిపుణుల దగ్గరికి చేరాలి. కట్టు కట్టించుకుని ఏడాది ఎదురుచూస్తే అవకాశం పోతుంది.

మెడ మీద, థైరాయిడ్ గ్రంథి మీద ఆపరేషన్లు, మెడ రక్తనాళంలో పెట్టే గొట్టాలు కూడా అరుదుగా ఈ నరాన్ని తాకవచ్చు. కాన్పు నొప్పులు తెలియకుండా వెన్నులో ఇచ్చే మందు వల్ల కొందరు తల్లులకు కొన్ని గంటలపాటు ఒక రెప్ప వాలుతుంది. మందు ప్రభావం తగ్గగానే అది పోతుంది. డాక్టరుకు చెప్పాలి, కంగారు పడనక్కరలేదు.

మూడవ మజిలీలో ప్రమాదకరమైనది కెరోటిడ్ ధమని లోపలి పొర చిరగడం. ఆ చిరుగులోకి రక్తం చేరి గోడ ఉబ్బుతుంది. దాన్ని అల్లుకున్న నరం దెబ్బతిని రెప్ప వాలుతుంది. చిరుగు దగ్గర ఏర్పడిన రక్తపు గడ్డ మెదడుకు కొట్టుకుపోతే పక్షవాతం వస్తుంది. ఈ ముప్పు మొదటి రోజుల్లో, వారాల్లో ఎక్కువ. నడివయసు వారికి, యువకులకు పక్షవాతం రావడానికి ఉన్న ముఖ్య కారణాల్లో ఇదొకటి.

మెడకు దెబ్బ తగలడం, మెడను ఒక్కసారిగా బలంగా తిప్పడం వల్ల ఈ చిరుగు రావచ్చు. ఏ కారణం లేకుండానూ రావచ్చు. క్షవరం అయ్యాక మెడను అటూ ఇటూ విరిచి చప్పుడు చేయించుకోవడం మనలో చాలామందికి అలవాటు. అది హాయిగా అనిపించినా మెడలో ఉన్నవి ఎముకలు మాత్రమే కాదు, మెదడుకు రక్తం తీసుకెళ్లే నాళాలు కూడా. ఆ అలవాటు మానుకోవడం మంచిది.

ఒక్క మాట గట్టిగా గుర్తుంచుకోవాలి. కొత్తగా మెడనొప్పి, ముఖం నొప్పి లేదా ఒక వైపు తలనొప్పి వచ్చి, అదే వైపు రెప్ప వాలి, కంటిపాప చిన్నదైతే అది అత్యవసర పరిస్థితి. రేపటికి వాయిదా వేయకూడదు.

తీవ్రమైన తలనొప్పులు గుంపుగా రోజూ ఒకే వేళకు వచ్చే క్లస్టర్ తలనొప్పిలో కూడా రెప్ప వాలి, కన్ను ఎర్రబడి నీరు కారుతుంది. ఇది ప్రాణాంతకం కాదు. కానీ మొదటిసారి వచ్చినప్పుడు ఆ మాట పరీక్ష తర్వాత డాక్టరు చెప్పాలి, మనం అనుకోకూడదు.

పిల్లల్లో

కాన్పు కష్టమై బిడ్డ భుజం ఇరుక్కున్నప్పుడు మెడ నరాలు సాగి హార్నర్ సిండ్రోమ్ రావచ్చు. అలాంటి పిల్లల్లో ఆ వైపు నల్లగుడ్డు రంగు కాస్త లేతగా ఉండిపోవచ్చు. ఏడ్చినప్పుడు ముఖం ఒక సగమే ఎర్రబడటాన్ని తల్లి గమనిస్తుంది.

కాన్పులో దెబ్బ లేకుండా పసిబిడ్డకు రెప్ప వాలితే మాత్రం న్యూరోబ్లాస్టోమా అనే గడ్డ ఉందేమో చూడాలి. ఇది చిన్నపిల్లల్లో సింపథెటిక్ నరాల నుంచే పుట్టే క్యాన్సర్. మెడ, ఛాతీ, కడుపు స్కాన్లు, మూత్ర పరీక్ష చేస్తారు. తొలిదశలో పట్టుకుంటే చాలామంది పిల్లలు కోలుకుంటారు. అందుకే దిష్టి తగిలిందనో, పెద్దయ్యాక సర్దుకుంటుందనో వదిలేయకూడదు.

ఇది లక్వా కాదు

రెప్ప, ముఖం అనగానే మన ఇళ్లలో మొదట వచ్చే మాట లక్వా, అంటే మూతి వంకర పోవడం. లక్వా గురించి అల్-రాజీ, ఇబ్న్ సీనా వెయ్యేళ్ల కిందటే తమ వైద్య గ్రంథాల్లో రాశారు. హార్నర్ సిండ్రోమ్ వేరు. రెండింటికీ తేడా సులభంగా తెలుసుకోవచ్చు.

లక్వాలో కన్ను మూయడం కష్టం. నవ్వితే మూతి ఒక వైపుకు లాగుతుంది, నీళ్లు పుక్కిలిస్తే కారిపోతాయి. కంటిపాపలో మార్పు ఉండదు. హార్నర్ సిండ్రోమ్‌లో కన్ను చక్కగా మూసుకుంటుంది, నవ్వు సరిగానే ఉంటుంది, కానీ రెప్ప కొంచెం వాలి, కంటిపాప చిన్నదవుతుంది.

రెప్ప బాగా వాలి, కంటిపాప పెద్దదై, కన్ను బయటి వైపుకు తిరిగితే అది వేరే నరం దెబ్బ. మెదడులో రక్తనాళం ఉబ్బడం వల్ల కావచ్చు. అదీ అత్యవసరమే. పొద్దున బాగుండి సాయంత్రానికి రెప్పలు వాలిపోతుంటే, కంటిపాపలు మామూలుగా ఉంటే, మయస్థీనియా అనే కండరాల బలహీనతను అనుమానిస్తారు. కొందరికి పుట్టుకతోనే కంటిపాపల్లో స్వల్ప తేడా ఉంటుంది. అది వెలుతురులోనూ చీకటిలోనూ దాదాపు ఒకేలా ఉంటుంది. దానికి భయపడనక్కరలేదు.

ఈ పేరు ఎలా వచ్చింది

కుక్కల మెడలోని నరాన్ని కోసినప్పుడు అదే వైపు కంటిలో మార్పులు వస్తాయని ఫ్రాన్స్‌కు చెందిన పుర్‌ఫుర్ దు పెతీ అనే వైద్యుడు 1727లో ప్రకటించాడు. మెడలోని నరానికీ కంటికీ సంబంధం ఉందని దానితో తేలింది. 1852లో క్లాడ్ బెర్నార్డ్ జంతువుల మీద ఇంకా వివరంగా పరిశోధించాడు. 1864లో అమెరికా అంతర్యుద్ధంలో మెడకు తూటా తగిలిన ఒక సైనికుడిలో ఇవే గుర్తులను వెయిర్ మిచెల్, ఆయన సహచరులు నమోదు చేశారు.

1869లో స్విట్జర్లాండ్‌లోని జ్యూరిక్ నగరంలో కంటి వైద్యుడు యోహాన్ ఫ్రీడ్రిక్ హార్నర్ దగ్గరికి 40 ఏళ్ల గ్రామీణ స్త్రీ వచ్చింది. కాన్పు తర్వాత ఆమె కుడి రెప్ప కొద్దిగా వాలింది. హార్నర్ రెప్పను మాత్రమే చూసి వదిలేయలేదు. కంటిపాప చిన్నదిగా ఉందని, ముఖం రెండు సగాల మధ్య వేడిలో, రంగులో, చెమటలో తేడా ఉందని గమనించి, ఇవన్నీ ఒకే నరం దెబ్బ వల్ల వచ్చాయని రాశాడు. ఆయన పేరే స్థిరపడింది. ఊపిరితిత్తి పైకొన గడ్డకు పేరు ఇచ్చిన హెన్రీ ప్యాంకోస్ట్ అమెరికాలో ఎక్స్‌రే నిపుణుడు. ఆయన ఆ గడ్డల గురించి 1924లో, 1932లో రాశాడు.

పరీక్షలు, చికిత్స

కంటి వైద్యులు మసక వెలుతురులో కంటిపాపలను కొలుస్తారు. అనుమానం ఉంటే ఆప్రాక్లోనిడిన్ వంటి చుక్కల మందు వేసి చూస్తారు. జబ్బు ఉన్న వైపు కంటిపాప పెద్దదై, రెప్ప పైకి లేస్తే హార్నర్ సిండ్రోమ్ అని తేలుతుంది. నరం దెబ్బతిన్న తొలి రోజుల్లో ఈ పరీక్ష సరిగా రాకపోవచ్చు. పసిపిల్లలకు ఈ మందు ప్రమాదం, సొంతంగా ఎవరూ వాడకూడదు.

తర్వాతి పని కారణం వెతకడం. తల నుంచి ఛాతీ పై భాగం దాకా నరం దారి మొత్తం కనిపించేలా ఎం.ఆర్.ఐ. గానీ సి.టి. గానీ తీస్తారు. మెడ రక్తనాళాలను కూడా చూస్తారు. తలకు మాత్రమే స్కాన్ తీసి బాగానే ఉందని సరిపెట్టుకుంటే మెడలోని చిరుగు, ఛాతీలోని గడ్డ తప్పిపోతాయి.

చికిత్స కారణాన్ని బట్టి ఉంటుంది. ధమని చిరిగితే రక్తం గడ్డకట్టకుండా మందులు ఇస్తారు. రక్తస్రావం లేదని చూశాకే అవి మొదలుపెట్టాలి, కాబట్టి మెడికల్ షాపులో అడిగి వాడే మందులు కావు. ప్యాంకోస్ట్ గడ్డ పాకకముందే తెలిస్తే కీమోథెరపీ, రేడియేషన్, ఆపైన శస్త్రచికిత్స చేస్తారు. కొందరిలో ఎంత వెతికినా కారణం దొరకదు. వారికి హాని ఉండదు కానీ కొంతకాలం డాక్టరు చూస్తుండాలి. రెప్పను ఎత్తే చిన్న ఆపరేషన్ ఉంది. అయితే దాన్ని కారణం తేలాక, పరిస్థితి నిలకడగా ఉన్నాకే ఆలోచించాలి.

ఇంట్లో మనం చేయగలిగింది

అనుమానం వస్తే పాత ఫొటోలు తీయండి. పెళ్లి ఫొటో, ఆధార్ కార్డు, ఫోన్‌లో గత ఏడాది ఫొటోలు పెద్దవి చేసి రెండు కళ్లను పోల్చండి. పదేళ్ల కిందటి ఫొటోలోనూ అలాగే ఉంటే తొందర తక్కువ. కొత్తగా వచ్చినదైతే ఆలస్యం వద్దు.

గదిలో లైటు తగ్గించి, టార్చిని గడ్డం కింది నుంచి పక్కగా చూపిస్తూ రెండు కంటిపాపలు ఒకే పరిమాణంలో ఉన్నాయా చూడండి. నేరుగా కళ్లలోకి వెలుగు వేస్తే రెండూ చిన్నవై తేడా పోతుంది.

మూడు ప్రశ్నలు అడగండి. ఎప్పటి నుంచి? మెడలో, ముఖంలో, భుజంలో, చేతిలో నొప్పి ఉందా? దెబ్బ తగిలిందా, మెడకు ఏమైనా చేయించుకున్నారా? ఈ జవాబులు డాక్టరుకు ఎంతో ఉపయోగపడతాయి.

సహాయం చేసేవారికి

మనలో చాలామందికి ఆపరేషన్‌కు, మందులకు, కళ్లద్దాలకు డబ్బు ఇస్తే తృప్తిగా ఉంటుంది. పరీక్షలకు ఇవ్వాలంటే చేయి వెనకాడుతుంది. స్కాన్‌లో ఏమీ లేదని వస్తే డబ్బు వృథా అయిందనిపిస్తుంది. కానీ ఏమీ లేదని తెలియడం కూడా ఆ కుటుంబానికి దొరికిన సమాధానమే. ఇలాంటి జబ్బులో సరైన చోట సరైన స్కాన్ తీయించడమే చికిత్సలో మొదటి మెట్టు. పేదలకు పెద్ద చికిత్సలు చేయించే ప్రభుత్వ పథకాలు ఉన్నాయి. వాటి తలుపు తట్టాలన్నా ముందు జబ్బు పేరు తేలాలి. ఆ పేరు తేలే దాకా ఆటో చార్జీ, స్కాన్ ఖర్చు, రోజు కూలీ పోయిన లోటు ఆ కుటుంబానికి నిజమైన అడ్డంకులు. మన చిన్న సహాయం అక్కడ పెద్దదవుతుంది.

కంటి శిబిరాలు నడిపేవారికి ఒక విన్నపం. చూపు పరీక్షతో పాటు రెండు రెప్పలు, రెండు కంటిపాపలు సమానంగా ఉన్నాయా అని ఒక నిమిషం చూడండి. తేడా ఉన్నవారిని అద్దాలిచ్చి పంపకుండా నరాల వైద్యుడు, స్కాన్ ఉన్న ఆసుపత్రికి చీటీ రాసి పంపండి. వారితో ఒక మనిషిని తోడు పంపగలిగితే ఇంకా మంచిది. చదువురాని రోగి పెద్దాసుపత్రిలో మొదటి కౌంటరు దగ్గరే వెనక్కి తిరిగి రావడం మనకు తెలియనిది కాదు.

గుర్తుంచుకోవలసినవి

1. ఒక రెప్ప కొద్దిగా వాలి, అదే వైపు కంటిపాప చిన్నదైతే హార్నర్ సిండ్రోమ్ కావచ్చు. చూపు బాగున్నా డాక్టరుకు చూపించాలి.

2. దానితో మెడనొప్పి, ముఖం నొప్పి, తలనొప్పి, తల తిరగడం, మింగలేకపోవడం ఉంటే అదే రోజు పెద్దాసుపత్రికి వెళ్లాలి.

3. పొగ తాగేవారికి తగ్గని భుజం నొప్పితో పాటు రెప్ప వాలితే ఛాతీ సి.టి. స్కాన్ తీయించాలి.

4. ప్రమాదంలో చెయ్యి పడిపోయి అదే వైపు రెప్ప వాలితే నరాల శస్త్రవైద్యుడి దగ్గరికి త్వరగా చేర్చాలి.

5. పసిబిడ్డలో రెప్ప తేడా కనిపిస్తే దిష్టి అనుకోకుండా పిల్లల వైద్యుడికి చూపించాలి.

6. కారణం తెలియకుండా రెప్పకు ఆపరేషన్ చేయించకూడదు.

ఈ రాత్రి ఇంటికి వెళ్లాక మీ తల్లిదండ్రుల ముఖం, పిల్లల ముఖం ఒకసారి నిదానంగా చూడండి. రేపు సహాయం అడగడానికి వచ్చినవారి కాగితాలు తీసుకునేటప్పుడు కూడా ఒక్క క్షణం వారి ముఖంలోకి చూడండి. రెండు కళ్లలో తేడా కనిపిస్తే వారిని అడగండి. వారి జబ్బు గురించి మొదట అడిగేది మీరే కావచ్చు.